గుమ్మడికాయలో ఇరుక్కున్న కత్తి

మాల్యాద్రి జేబులో ఆరు వేల నాలుగు వందల రూపాయలున్నాయి. కత్తులు చేసే పని మొదలుపెట్టాలంటే లక్షా డెబ్బై వేలు కావాలి. మొదటి లెక్క తను చేత్తో ఎంచి చూసుకున్నది. రెండోది ఫోనులో వీడియోలు చూసి కూడుకున్నది. గ్యాసుతో మండే కొలిమి, సుత్తి దెబ్బలు కాచుకునే డెబ్బై కిలోల దాగలి, ఉక్కును అరగదీసే మిషను, అన్నీ కలిపితే అంత తేలింది.

పనిచేస్తున్న సెల్‌ఫోన్ల కొట్టు మూతపడి, ఆఖరి జీతం చేతిలో పెట్టి పంపించిన దగ్గర్నుంచీ అతను ఆ రెండు లెక్కల్నీ దగ్గరికి తేవాలని చూస్తున్నాడు. కూడికలు, తీసివేతలు అతనికి నోటిమీద ఉంటాయి. అయినా ఇవి దగ్గరపడలేదు. చివరికి పొదిలి రోడ్డు పక్కన, లారీ షెడ్లు దాటాక కొలిమి పెట్టుకున్న కనకాచారి దగ్గరికి వెళ్లాడు.

ఆచారికి డెబ్బై దాటాయి. కొడవళ్లు, గొడ్డళ్లు, కత్తులు చేస్తాడు. ఎర్రగా కాగిన ఇనుమును ఆయన పటకారుతో పట్టుకుంటే, ఎదురుగా నిలబడి పెద్ద సమ్మెటతో కొట్టేది ఆయన భార్య కామాక్షమ్మ. ఇనుము కొట్టేటప్పుడు ఇద్దరూ మాట్లాడుకోరు. తక్కిన సమయమంతా కామాక్షమ్మే మాట్లాడుతుంది.

"తాతా, ఆరు వేల నాలుగు వందలతో కత్తుల పని మొదలుపెట్టొచ్చా?" అని అడిగాడు మాల్యాద్రి.

ఆచారి నిప్పుల మీంచి చూపు తిప్పలేదు.

"డబ్బులు యాడ పెట్టావు?"

"చొక్కా పైజేబులో."

"ఈడ వంగి పనిచెయ్యాల. నిప్పుల్లో పడతయ్యి. లాగు జేబులో పెట్టుకో."

మాల్యాద్రి నోట్లు తీసి ప్యాంటు జేబులో పెట్టుకున్నాడు. "అయితే మొదలుపెట్టొచ్చా?"

"పెట్టావుగా," అన్నాడు ఆచారి.

కామాక్షమ్మ సమ్మెట దించి, చెంగుతో మొహం తుడుచుకుంది. "తిన్నావా అబ్బయా? తినకుండా వచ్చినోళ్లే ఇట్టాంటి ప్రశ్నలు అడిగేది."

అన్నం పెట్టాక, ఆ కొలిమి కట్టుబాటు కూడా ఆవిడే చెప్పింది. నేర్చుకోవడానికి వచ్చిన వాడు చేసిన తొలి కత్తిని వంటింట్లో కూరగాయల బుట్టలో పెట్టాలి. ఇది నాది అనకూడదు. దీంతో కొయ్యమని అడగకూడదు. వంట చేసే మనిషి తనంతట తను తీసుకుని ఆ పూట కూర కోసిందా, వాడికి కొలిమి దగ్గర చోటున్నట్టు. లేకపోతే వాడి దోవ వాడిది.

"తాత కత్తికి కూడా ఇదే పరీక్షా?"

"లేకేం? మా అత్త రెండేళ్లు ముట్టుకోలా."

ఆచారికి ఆ సమయానికి దగ్గు వచ్చింది.

మర్నాడు ఆచారి ఇచ్చింది ఒకే ఒక్క వస్తువు. కర్ర విరిగిపోయిన పాత సమ్మెట తల. మాల్యాద్రి దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. దీన్నేం చేసుకోవాలి?

"డెబ్బై కిలోల దాగలి కావాలంటివే."

"ఇది నాలుగు కిలోలు కూడా ఉండదు తాతా."

"నీ సుత్తి కింద ఉండేది ఎంత?" ఆచారి చూపుడువేలు, బొటనవేలు కలిపి చూపించాడు. ఎప్పుడు కొట్టినా సుత్తి తగిలేది రూపాయి బిళ్లంత మేర.

మాల్యాద్రి ఎగిరి గంతేశాడు. తుమ్మ మొద్దుకి గుంట తొలిచి సమ్మెట తలను అందులో దిగ్గొట్టాడు. చదునైన మొహం పైకి ఉంది. దాగలి అయింది. ఇక అతన్ని ఆపడం ఎవరి తరమూ కాలేదు. నేలలో గుంట తవ్వి బంకమట్టి మెత్తి కొలిమి చేశాడు. గాలికి, క్షౌరశాలలో మూలపడేసిన జుట్టు ఆరబెట్టే మిషనొకటి అడిగి తెచ్చాడు. సర్కారు తుమ్మ బొగ్గు బట్టీల వాళ్ల దగ్గర బస్తాల అడుగున మిగిలిన చూర బొగ్గు సగం ధరకి బేరమాడాడు. లారీ షెడ్డు వెనక పాత ఇనుము కొనే అతని దగ్గర లారీ కుదుపులు కాచే కమాను పట్టీ విరిగినదొకటి కిలో లెక్కన తూయించుకున్నాడు. కత్తికి ఆ ఉక్కు బాగా కుదురుతుందని ఆచారి చెప్పాడు.

లక్షా డెబ్బై వేల లెక్క పదిహేడు వందల దగ్గర ఆగింది.

"చూశావా తాతా!"

"చూస్తానే ఉండాను," అన్నాడు ఆచారి. మీసం కింద నవ్వు దాచుకోవడం ఆయనకు సరిగా రాదు.

నేర్చుకోవడం అంత చవగ్గా జరగలేదు. మొదట్లో సుత్తి ఏటవాలుగా పడి ఉక్కు మెలికలు తిరిగింది. ఒకసారి పట్టీ ముక్కని నిప్పుల్లో మరిచిపోతే, కొస కాస్తా కాకరపువ్వొత్తిలా చిటపటలాడి కాలిపోయింది. కాలిన ముక్కని ఆచారి గుమ్మానికి వేలాడదీశాడు. దిష్టికట, కామాక్షమ్మ చెప్పింది. వారాలు గడిచేకొద్దీ అద్దెగదికీ, బొగ్గుకీ, ఇడ్లీలకీ జేబు సన్నబడుతూ వచ్చింది. ఒంగోలు నుంచి బాబాయి ఫోన్లు చేస్తున్నాడు. పార్సిల్ ఆఫీసులో ఉద్యోగం చూశాడు, సోమవారం పొద్దున్నే చేరాలి. చేరకపోతే ఆ చోటు ఇంకొకరికి ఇచ్చేస్తారు.

ఉక్కును నూనెలో ముంచి గట్టిపరిచే రోజు మాల్యాద్రి రెండు తెలివైన పనులు చేశాడు. నూనె కొనకుండా, బస్టాండు దగ్గర బజ్జీల బండి నుంచి వాడేసిన నల్లనూనె డబ్బాతో తెచ్చాడు. పాడైపోయిన స్పీకరు విప్పి దాని అయస్కాంతాన్ని తీగకి కట్టుకొచ్చాడు. ఉక్కు తగినంత కాగితే అయస్కాంతానికి అంటుకోదని అతను చదివాడు. అంటుకోవడం మానేశాక ఇంకొంచెం కాచి ముంచితే సరి.

ఆచారి ఆ అదను రంగు చూసి పోల్చుకుంటాడు. ఆయన "ఆ, ఇంకాస్త" అంటున్నప్పుడే అయస్కాంతం పట్టు వదిలేసింది. ఆయన దాన్ని లాక్కుని, కొలిమిలో ఉన్న ఇనప ముక్కలన్నిటికీ ఒక్కొక్కదానికీ తాకించి చూశాడు. ఆ పూట కొడవళ్ల పని ముందుకు సాగలేదు.

"ఇది నాకిచ్చిపోరా."

"పోతే కదా తాతా!"

కత్తి నూనెలో చుయ్యిమంటూ దిగింది. కొలిమంతా మిరపకాయ బజ్జీ వాసన.

"ఏందయ్యా, మీ ఇద్దరే తింటన్నారా?" అంది కామాక్షమ్మ లోపల్నుంచి.

అంతకుముందే ఒక సంగతి జరిగింది. ముంచక ముందు, ఉక్కు ఇంకా మెత్తగా ఉన్నప్పుడు, కత్తిని ఆకురాయితో అరగదీసి పలచన చేయాలి. మాల్యాద్రి అంచు దగ్గర వేలి వెడల్పు మేర అరగదీసి ఆపేశాడు. ఆకురాయి రాస్తుంటే నల్లటి రజను నేల మీదకి రాలుతుంది. కిలో లెక్కన కొన్న ఉక్కు అది. పైగా ఆకురాయి కూడా అరిగిపోతుంది, అదీ డబ్బే. బరువున్న కత్తికి జనం ఎక్కువ ధర ఇస్తారని ఫోనులో చూశాడు. ఎటునుంచి లెక్క వేసినా ఆపడమే లాభం.

"ఇంకొంచెం అరగదియ్యి," అన్నాడు ఆచారి, ఒకే ఒక్కసారి.

"గట్టిగా ఉండాలి తాతా. కలకాలం ఉండే కత్తి."

ఆచారి తన కొడవలి అందుకున్నాడు.

గట్టిపరిచి, సెగకి చూపించి, పిడి తొడిగాక మాల్యాద్రి తన చూపంతా నునుపు మీద పెట్టాడు. గరుకు కాగితం, ఆపైన సన్నది, ఆపైన ఇంకా సన్నది. చేతులు నల్లబడ్డాయి, వేళ్ల చర్మం లేచింది. గురువారానికి కత్తిలో ఆకాశం కనిపించింది. వెళ్లే కాకి కూడా కనిపించింది.

శుక్రవారం పొద్దున జేబులో మూడు వందలు మిగిలి ఉండగా, అతను దాన్ని కూరగాయల బుట్టలో పెట్టి, అరుగు మీద కూర్చున్నాడు. అక్కడి నుంచి వంటిల్లు సగం కనిపిస్తుంది.

బుట్టలో ఇంకొక కత్తి ఉంది. నల్లగా, వెన్ను వంగి, పిడికి సైకిలు ట్యూబు చుట్టి ఉన్నది. ఆచారి చేసిందే. చూడ్డానికి దారిలో దొరికితే కూడా ఎవరూ వంగి తీసుకోరు.

కామాక్షమ్మ గుమ్మడికాయ తెచ్చి పీట ముందు పెట్టుకుంది. బుట్టలోకి చూసింది. చెయ్యి పెట్టింది. తళతళలాడే కత్తిని తీసింది.

మాల్యాద్రి అరుగు అంచుకి జరిగాడు.

ఆవిడ కత్తిని వెలుగులోకి ఎత్తి పట్టుకుంది. మొహం ఒక పక్కకి తిప్పి చూసుకుంది. చిటికెన వేలితో బొట్టు సరిదిద్దుకుంది.

"మంచి అద్దంరా!" అంది మనస్ఫూర్తిగా.

కత్తి మొన కాయలో కొంచెం గుచ్చి చూసింది. జాగ్రత్తగా మళ్లీ బుట్టలో పెట్టేసింది. నల్లకత్తి తీసుకుంది. గుమ్మడికాయ రెండు చెక్కలైంది. ఒక చెక్క పక్కనపెట్టి, రెండోదాన్ని ముక్కలు కోసింది. ముక్కలు చప్పుడు లేకుండా పళ్లెంలోకి జారాయి.

అడగకూడదన్నది కట్టుబాటు. మాల్యాద్రి ఆవిణ్ణి అడగలేదు. కొలిమి దగ్గరికి పరుగెత్తాడు.

"తాతా, పదునుకి ఏం తక్కువ? కాయితాన్ని గాల్లో కోస్తంది. ఇదిగో చూడు!" ముంజేయి చూపించాడు. పదును పరీక్షించడానికి గొరిగీ గొరిగీ మణికట్టు నుంచి మోచేయి దాకా వెంట్రుక లేదు.

ఆచారి ఆ చేతిని చూసి జాలిపడ్డట్టు తల ఊపాడు. లేచి వంటింట్లోకి వెళ్లాడు. మిగిలిన గుమ్మడి చెక్కనీ, మెరిసే కత్తినీ తెచ్చాడు. చెక్కను మొద్దు మీద పెట్టి కత్తిని దించాడు. అంచు వెన్నలో దిగినట్టు దిగింది. తర్వాత కిర్రుమంది. తర్వాత ఆగిపోయింది.

ఆచారి పిడి పట్టుకుని పైకెత్తాడు. కత్తితో పాటు గుమ్మడి చెక్క కూడా లేచింది.

ఆ పిడిని మాల్యాద్రి చేతిలో పెట్టి, మొహం కడుక్కోవడానికి తొట్టి దగ్గరికి వెళ్లిపోయాడు.

మాల్యాద్రి అలాగే నిలబడిపోయాడు. చెక్క గింజలతో సహా గాలిలో వేలాడుతూ ఉంది. జేబులో ఫోను మోగింది. బాబాయి.

"ఏం చేస్తన్నావురా?"

"గుమ్మడికాయ పట్టుకుని నిలబడ్డా బాబాయ్."



"అందుకేరా సోమవారం వచ్చెయ్యమనేది," అన్నాడు బాబాయి, ఈసారి మెత్తగా. "నిన్ను తిట్టడానికి కాదు. తిండికైనా ఉంటదని."

"ఆదివారం సాయంత్రం చెప్తా."

ఫోను పెట్టేసి, చెక్కను మోకాళ్ల మధ్య ఇరికించుకుని కత్తిని లాగాడు. రెండోసారికి గానీ రాలేదు. కోత ఎక్కడ ఆగిందో చూశాడు. అంచు అరగదీసిన వేలి వెడల్పు మేర లోపలికి వెళ్లింది. మందం మొదలైన చోట ఆగింది. కత్తి కొయ్యడం మానేసి, చెక్కను చీల్చడం మొదలుపెట్టిన చోటు అదే.

వంటింటి గడప దగ్గర నల్లకత్తి కడిగి ఆరబెట్టి ఉంది. దాన్ని తీసుకుని కొస వైపు నుంచి చూశాడు. వెన్ను దగ్గర తన కత్తికి ఎంత మందమో దీనికీ అంతే ఉంది. అక్కడి నుంచి అంచు దాకా ఎక్కడా ఆగకుండా, ఏ గీతా కనబడకుండా సన్నబడుతూ పోయింది. ఎక్కడ అయిపోయిందో కన్ను పట్టుకోలేకపోయింది.

కొలిమి మూల పాత తక్కెడ ఉంది. ఒక పళ్లెంలో తన కత్తి, ఇంకో పళ్లెంలో ఆ కత్తి పెట్టాడు. తనది ఠంగున నేలకి తగిలింది.

"తాతా, ఈ కత్తి మొదలుపెట్టినప్పుడు పట్టీ ముక్క ఎంత ఉండేది?"

ఆచారి తువ్వాలుతో చెవులు తుడుచుకుంటున్నాడు. "నీ ముక్కంతే."

"మరి మిగతా ఉక్కు ఏమైపోయింది?"

"దాని మీదే నిలబడి ఉండావు."

మాల్యాద్రి కిందికి చూశాడు. ఆకురాయి పని చేసే బల్ల కింద నేల. ఇన్నాళ్లూ దాన్ని నల్లరేగడి మన్ను అనుకున్నాడు. తొక్కి తొక్కి సిమెంటులా గట్టిపడి, గుమ్మం లోంచి ఎండ పడ్డప్పుడల్లా అక్కడక్కడ మిలమిలమంటూ ఉండేది.

మేకుకి వేలాడుతున్న స్పీకరు అయస్కాంతాన్ని తీశాడు. వంగి, తీగ పట్టుకుని నేలకి దగ్గరగా దించాడు.

నేల లేచి నిలబడింది. సన్నటి నల్లటి ముళ్లలా, పిల్లి వీపు మీద బొచ్చులా, అయస్కాంతం వైపు ఎగబాకింది. కాలి బొటనవేలితో గీరి మళ్లీ చూశాడు. ఇంకా లోపల కూడా అదే. ఇంకా లోపల కూడా.

అది ఎంత ఉంటుందో లెక్క వేయడం మొదలుపెట్టాడు. అలవాటు. బల్ల పొడవు, వెడల్పు, లోతు దాకా వచ్చి, మధ్యలో వదిలేశాడు.

కామాక్షమ్మ గుమ్మంలోకి వచ్చి, గాటు పడ్డ గుమ్మడి చెక్కను తీసుకుంది. "మీ గురుశిష్యులు ఆడుకోడానికి నా కాయే దొరికిందా?" చెక్కను తిప్పి చూసింది. ఆవిడ కూడా ఆ గాటు దగ్గర కాసేపు ఆగింది. "సరే, ఇది ఆదివారానికి ఉంచుతాలే. పులుసు పెడతా. బుట్ట ఆడనే ఉంటది."

"ఆదివారం ఇంకోసారి బుట్టలో పెట్టొచ్చా అవ్వా?"

"నన్ను అడక్కూడదని చెప్పలా నీకు?"

ఆవిడ లోపలికి వెళ్లిపోయింది. ఆచారి ఎటో చూస్తున్నాడు. మీసం మళ్లీ ఆయన మాట వినడం లేదు.

మాల్యాద్రి మొద్దు దగ్గర కూర్చున్నాడు. గట్టిపడ్డ ఉక్కు మీద ఆకురాయి పారదు. అరగదీయాలంటే కత్తి మళ్లీ ఎర్రగా కాగాలి, బూడిదలో పొద్దు పొడిచేదాకా మెల్లగా చల్లారాలి. రేపంతా ఆకురాయి. ఆ తర్వాత మళ్లీ నూనె, మళ్లీ సెగ, మళ్లీ పిడి. నిప్పుల్లోకి వెళ్లిన కత్తిలో ఆకాశం ఉండదు, కాకి ఉండదు. కాగితాలతో తిరిగి నునుపు తెచ్చేంత డబ్బు లేదు, అంత వేళా లేదు. ఆదివారం బుట్టలోకి వెళ్లేటప్పుడు తన కత్తి కూడా నల్లగానే ఉంటుంది.

ఉలి పెట్టి పిడి మేకులు కొట్టేశాడు. కష్టపడి నున్నగా చెక్కిన చింతకర్ర పిడి రెండు బద్దలుగా ఊడి వచ్చింది. వాటిని చొక్కా జేబులో పెట్టుకోబోయి, ఆగి, ప్యాంటు జేబులో పెట్టుకున్నాడు.

బొగ్గులు పోసి గాలి మిషను నొక్కాడు. అది పాత పద్ధతిలోనే గుర్రుమని, దగ్గి, ఊదడం మొదలుపెట్టింది. బొగ్గుల కింద ఎరుపు రేగింది.

ఆచారి తన పటకారు తెచ్చి అతని పక్కన పెట్టాడు. ఇన్నాళ్లలో ఆయన తన పటకారు ఎవరికీ ఇవ్వడం మాల్యాద్రి చూడలేదు. తల ఎత్తి చూసేసరికి ఆయన కొడవళ్ల దగ్గరికి వెళ్లిపోయాడు.

మాల్యాద్రి కత్తిని ఆ పటకారుతో పట్టుకుని నిప్పుల పైకి తెచ్చాడు. నున్నటి ఉక్కులో అతని మొహం ఎర్రగా కనిపించింది. ముక్కు మీద బొగ్గు మరక ఉంది. మోచేత్తో తుడుచుకున్నాడు. మరక పోయిందో లేదో ఇంకొక్కసారి ఆ అద్దంలో చూసుకుని, కత్తిని నిప్పుల్లోకి దించాడు.